శాశ్వతం అని రాస్తేనే ఇల్లు

మా ఇంట్ల నెలనెలా తప్పకుండ పైసలొచ్చేది నా ఒక్కనికే. నాయిన పెబ్బేరు పశువుల సంతల దలాలి. ఆయన సంపాదన వారానికొక తీరుగ ఉంటది. అమ్మ కూలికి పోతది. ఆమె సంపాదన వానను బట్టి, ఎండను బట్టి, పొలం ఆసామి మూతిని బట్టి ఉంటది. నాకు మాత్రం నడుముకెల్లి కిందికి పనిచెయ్యనందుకు సర్కారు పింఛను ఇస్తది. ఏ పనీ చెయ్యకుంట టైముకు జీతం తెచ్చే కాళ్లు ఎందరికుంటయి? మా చుట్టాలందర్ల సర్కారు కొలువు కొట్టినయి నా రెండు కాళ్లే.

పింఛనుతోని ఒక్క మనిషి కూడ బతకలేడు కాబట్టి నేను సెల్‌ఫోన్లు బాగు చేస్త. కిటికీ కాడ టేబుల్ ఏసుకోని కూసుంట. జనం బయటికెల్లి ఫోను లోపలికి అందిస్తరు. నేను విప్పి చూసి, తల ఊపి, దవాఖానల డాక్టరు లెక్క మొఖం పెడ్త. పగిలిన అద్దానికి గంత మొఖం అక్కర లేదు గని, పెడ్తేనే పైసలిస్తరు.

ఆ కిటికీ, ఆ ఇల్లు మావి గావు. కిరాయివి. ఇంటామె ఒక ముస్లిం ముసలామె. నేను చాచీ అని పిలుస్త. పంతొమ్మిదేండ్ల వయసుల పూణెకు కూలి పనికి పోయి, కడుతున్న బిల్డింగు రెండో అంతస్తుకెల్లి పడి, నాలుగు నెలలు దవాఖానల ఉండి, చక్రాల కుర్చీల పెబ్బేరుకు తిరిగొచ్చినప్పుడు నాకొక సంగతి తెలిసింది. ఈ ఊర్ల కిరాయి ఇండ్లన్నిటికీ మెట్లున్నయి. అంతకు ముందు నాకు తెల్వదు. మెట్లెక్కేటోనికి మెట్లు కనపడయి గద.

చాచీ ఇంటికి కూడ ఉండె, ఒక మెట్టు, దాని మీద గడప. మేము అడగకముందే ఆమె మేస్త్రిని పిలిచి రెండూ కొట్టేపిచ్చింది. వాకిట్ల సిమెంటుతోని వాలు పోపిచ్చింది. బాత్రూం లోపల్నే, అర్రతోని సమానంగ ఉండె. ఈ భూమ్మీద నేను ఒక్కన్నే పోయి తలుపేసుకోగలిగిన జాగ అదొక్కటే. ఇదేమంత పెద్ద సంగతి అనిపిస్తే, ఇరవై ఏండ్లొచ్చినంక మీ నాయిన చేతుల మీద పాయఖానకు పోయి చూడుండ్రి. ఇంటి మీద ప్రేమ ఎట్ల పుడ్తదో తెలుస్తది.

పోయిన చలికాలంల చాచీ వచ్చి నా టేబుల్ ముందు కూసున్నది. ఫోను ఏం లేదు చేతుల. అప్పుడే అనుకున్న, ఇది బాగు చేసే రకం కాదని.

"బేటా, నా బిడ్డ గద్వాలకు రమ్మంటుంది. నాకు కండ్లు కనిపిస్తలేవు. ఇల్లు అమ్ముత."

"ఎవరికి చాచీ?"

"ఎరువుల దుకాణపాయన అడుగుతుండు. కొట్టేసి గోదాం కడ్తడట. నాకు మనసొప్పుతలేదు. మీరు తీసుకుంటనంటే నేను జర తక్కువకే ఇస్త. కని రంజాన్ దాకనే ఆగుత. పండుగ నా బిడ్డ దగ్గర చెయ్యాలె."

"మా దగ్గర యాడియి చాచీ పైసలు?"

"బ్యాంకుల ఉన్నయి గద," అన్నది, అవి నేనే అక్కడ దాచుకున్నట్టు.

అట్ల మొదలైంది. బ్యాంకు లోను ఇస్తే ఇల్లు. ఇయ్యకుంటే యూరియా బస్తాలు. మధ్యల రెండు నెలలు.

నాయిన గురించి చెప్పకుంటే ముందుకు పోలేను. సంతల దలాలి అంటే అమ్మేటోనికి, కొనేటోనికి నడుమ నిలబడేటోడు. ధర నోటితోని చెప్పరు. తువ్వాల కింద చెయ్యి పెట్టి, వేళ్లు పట్టుకోని చెప్తరు. చుట్టూ వంద మందున్నా ఇద్దరికే తెలుస్తది. నాయిన వేళ్లు ముప్పై ఏండ్లుగ ఆ తువ్వాల కిందనే మాట్లాడినయి. ఇంట్ల కూడ ఆయన నోటికంటే వేళ్లే ఎక్కువ మాట్లాడ్తయి. కోపమొస్తే నా భుజం మీద ఒక వేలు పెట్టి నొక్కుతడు. సంతోషమైతే ఐదు పెడ్తడు.

ఆ పనిల ఒక నియమం ఉన్నది. పశువుల ఏదన్న లోపముంటే దాన్ని ఐబు అంటరు. పొడిచే అలవాటు, గుడ్డి కన్ను, కుంటి కాలు, ఏదైన సరే, తువ్వాల కప్పకముందే ఐబు చెప్పాలె. కప్పినంక చెప్తే లెక్కల రాదు. అందరు దలాలులు ఈ నియమం ఒప్పుకుంటరు. పాటించేది నాయిన. ఒకసారి నాగర్‌కర్నూల్ దిక్కు రైతుకు ఎడ్ల జత ఇప్పిచ్చిండు. తెల్లారి ఛాయ హోటల్‌ల తెలిసింది, అమ్మినోడు ఒక మాట దాచిండని. ఎడమ ఎద్దు సాలు నడుమల పండుకుంటదంట. నాయిన బస్సెక్కి నాగర్‌కర్నూల్ పోయి, ఆ రైతు ఇల్లు దేవులాడి, తన దలాలి పైసలు వాపస్ ఇచ్చి, ఐబు చెప్పొచ్చిండు. ఆ రైతు, "ఇది చెప్పనీకి గింత దూరమెందుకొచ్చినవు? అది తినేటప్పుడు కూడ పండుకునే తింటది, నాకు నిన్ననే తెలిసింది" అన్నడంట.

సంతల ఆయన మాటకు అందుకే విలువ. గిట్లాంటి మనిషికి ఎద్దుగ పుడ్తే అదృష్టం. కొడుకుగ పుడ్తే జర కష్టం.

బ్యాంకుకు నేను, నాయిన పోయినం. మూడు మెట్లున్నయి. కాపలా అన్న, నాయిన నన్ను కుర్చీతోని సహ ఎత్తిండ్రు. లోను ఇచ్చే ముందు మనిషి బరువు చూసుకుంటరేమో అనుకున్న. లోపల మేనేజరు ఒక మేడం. మా దిక్కు మనిషి గాదు, బదిలీ మీద వచ్చింది. ముందల ఫైళ్ల గుట్ట, పక్కన సల్లగైన ఛాయ.

నాయిన కుర్చీల కూసున్నడో లేదో, "ముందే చెప్తున్న మేడం" అన్నడు. "మా పిల్లగానికి నడుముకెల్లి కిందికి ఐబున్నది. రేపు తెల్వదనొద్దు."

మేడం నా చక్రాల కుర్చీ దిక్కు చూసింది. "కనిపిస్తోందండీ."

"కనిపిచ్చినా చెప్పాలె. పద్ధతి."

తర్వాత భుజం మీది తువ్వాల తీసి, కుడిచెయ్యి మీద పరిచి, టేబుల్ మీదికెల్లి మేడం ముందుకు చాపిండు. మేడం కుర్చీ వెనుకకు జరుపుకున్నది. ఎదురుగ ఒక తువ్వాల, దాని కింద ఒక మనిషి చెయ్యి. ఏ ట్రైనింగుల చెప్పి ఉండరు గిది.

"ఏంటండీ ఇది?"

"వడ్డీ చెప్తరని. నలుగురిముందల నోటితోని వద్దు గద మేడం."

"నాయినా, వడ్డీ గోడ మీద రాసి పెట్టిండ్రు," అన్న నేను.

నాయిన గోడ దిక్కు చూసిండు. అందరికి కనపడేటట్టు, గంత పెద్ద అక్షరాలతోని ధర రాసుకున్నోళ్లను ఆయన ఇంతకు ముందు చూడలే. ఈళ్ల యాపారం నడువదు అన్నట్టు తల ఊపి, తువ్వాల మడిచిండు. మేడం నవ్వు ఆపుకోనీకి సల్లటి ఛాయ తాగింది. ఆ నవ్వు వల్లనే మా కాయితాలు చూసిందని నా నమ్మకం.

మంచిగనే చూసింది. నాయినకు వయసు దాటింది కాబట్టి లోనుల పేరు పెట్టరట. అమ్మ పేరు, నా పేరు పెట్టొచ్చట. సెల్లుల పని మీద ఏడాదిగ నా ఖాతాలకొచ్చిన పైసలు ఆదాయం కిందికొస్తయట. అవి ఒక్కటే చాలయి. పింఛను కలిపితే అంచుకు ఆనుతదట. అన్ని కాయితాలు తిప్పి, నా వికలాంగుల సర్టిఫికెట్ కాడ ఆగింది.

"ఇది తాత్కాలికం అని ఉంది బాబూ."

"ఆ మేడం."

"వచ్చే ఏడాదితో గడువు అయిపోతుంది. మళ్లీ పరీక్ష చేస్తారు. నయమైతే పింఛను ఆగిపోతుంది. లోను పదిహేనేళ్లు. ఏడాది ఉండే ఆదాయాన్ని చూసి పదిహేనేళ్ల లోను నేనెలా పంపను?"

"నయమైతే నేనే నడుచుకుంట వచ్చి కడ్త మేడం. మెట్ల కాడ మీ కాపలా అన్నకు కూడ పని తప్పుతది."

నవ్వింది. నవ్వి, ఊకెనే అడిగినట్టు అడిగింది. "నయమయ్యే అవకాశం ఉందా మరి?"

"ఉన్నది మేడం," అన్నడు నాయిన. "మస్తున్నది."

మేడం పెన్ను మూత పెట్టింది. "శాశ్వతం అని రాసిన సర్టిఫికెట్ తీసుకురండి. ఫైలు నేను పంపిస్తాను."

ఇంటికొచ్చినంక నాయిన వాకిట్ల నన్ను దింపి, "శాశ్వతం అంట," అన్నడు. "మట్టిల పెట్టినోనికి గద శాశ్వతం."

ఆ సర్టిఫికెట్ మీద తాత్కాలికం అని ఎట్ల పడ్డదో నాకు తెలుసు. నాయినకు సగమే తెలుసు.

నేను పూణె దవాఖానకెల్లి వచ్చిన కొత్తల, నాయిన తిండి బంద్ చేసిండు. ఉపాసం అని గాదు, తినబుద్ధి గాక. అమ్మ కంచం పెడ్తది, ఆయన చూస్తడు, కుక్కకు పెడ్తడు. మా గల్లి కుక్క ఆ నెలల మంచిగ బలిసింది. ఒక పొద్దున నా కాళ్ల కాడ కూసోని ఉంటే, నా కుడికాలు బొటనవేలు టక్కుమని కదిలింది. పూణె డాక్టర్లు నాకు ముందే చెప్పిండ్రు. నరాలు వాటంతట అవే గుంజుతయని, దానికీ నాకూ సంబంధం లేదని. నాయినకు హిందీ రాదు కాబట్టి ఆయనకు తెల్వదు.

"బిడ్డా! నువ్వే కదిలిచ్చినవా?"

ఆ మొఖం చూసినంక, లేదు అనేటోడు మనిషి గాదు. "ఆ," అన్న.

ఆ దినం నాయిన మూడు రొట్టెలు తిన్నడు. కుక్కకు నష్టం.

ఒక్క అక్షరం అబద్ధం. దాన్ని మళ్ల ఎన్నడు చెప్పే పని లేకుండ నాయిననే మోసిండు. సంతల చెప్పిండు, బస్సుల చెప్పిండు, పెద్దమందడిల పెండ్లికి పోయి అక్కడ కూడ చెప్పిండు. తర్వాత వనపర్తిల వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్ల ముందుకు పోయినం. మా దిక్కు దాన్ని సదరం క్యాంపు అంటరు. అక్కడ పని ఏంది? నాకు ఏం చాతగాదో చూపియ్యాలె. నాయిన ముప్పై ఏండ్ల దలాలి. సరుకు పక్కన నిలబడ్డంక తక్కువ చేసి చెప్పుడు ఆయనకు రాదు.

"వయసు చిన్నది సార్. ఎముక గట్టిది. మంచిగ తింటడు. మొన్ననే బొటనవేలు కదిలిచ్చిండు," అన్నడు. ఇంకొద్దిగ ఆగితే నా నోరు తెరిచి పండ్లు చూపిచ్చేటోడు.

డాక్టరు నన్ను చూసిండు. "నువ్వే కదిలించావా?"

నాయిన పక్కన్నే నిలబడ్డడు. "ఆ సార్," అన్న. డాక్టరు ఇంకా కొత్త దెబ్బనే గద, చూద్దాం అని తాత్కాలికం అని రాసి, ఐదేండ్ల గడువు పెట్టిండు. పింఛనుకు అది చాలు. ఇన్నేండ్లు నడిచింది. నడువనిది నేనే.

మేడం చెప్పినంక మళ్ల క్యాంపుకు పోవాలె. దానికి మీసేవల స్లాటు బుక్ చెయ్యాలె. నేను చేస్త అంటే నాయిన వద్దన్నడు. "నేను పోయి చేయిస్త," అన్నడు. వారమాయె. స్లాట్లు లేవట. ఇంకో వారమాయె. కరెంటు లేదట. మూడో వారం నేనే ఫోన్ల చూసిన. స్లాట్లు మస్తున్నయి. నాయిన ఆ దుకాణం గడప కూడ తొక్కలే.

ఆ దినమే ఎరువుల దుకాణపాయన టేపు పట్టుకోని వచ్చి ఇల్లు కొలిచిండు. నా టేబుల్ పక్కకెల్లి టేపు గుంజుకుంట, "జర జరుగు తమ్మీ," అన్నడు. జరిగిన. నా మంచం కాడ నిలబడి, "ఇక్కడ డీఏపీ వస్తది," అని తన మనిషికి చెప్పిండు. నా జాగల ఏమొస్తదో తెలుసుకునుడు కూడ ఒక భాగ్యమే.

ఆయన పోయినంక అమ్మ పొలంకెల్లి వచ్చింది. కాళ్లు కడుక్కుంట ఉంటే చెప్పిన, నాయిన స్లాటు బుక్ చెయ్యలేదని.

"ఎట్ల చేస్తడు?" అన్నది. "ఆయనకు నువ్వు లేస్తవని ఆశ. ఆ ఆశకు ముద్ర కొట్టి కొట్టేపియ్యమంటే ఎట్ల కొట్టేపిస్తడు?"

"మరి నీకు?"

"నాకేంది?"

"ఆశ."

అమ్మ కొంగుతోని కాళ్లు తుడుసుకున్నది. "ఆ వేలు నువ్వు కదిలియ్యలే అని నాకు ఎప్పుడో ఎరుక. ఒకసారి నువ్వు నిద్రల ఉండంగ కూడ కదిలింది. మీ నాయినకు చెప్పబుద్ధి నీకు కాలే, నాకు కాలే. ఎవరో ఒకరు చెప్పాలె గద ఇగ. నేనైతే చెప్ప."

స్లాటు నేనే బుక్ చేసిన. పింఛను కట్ అయితదని భయపెట్టి నాయినను ఒప్పిచ్చిన. కట్ అయితది అంటే ఆయనకు అర్థమైతది. శాశ్వతం అంటేనే కాదు.

వనపర్తి దవాఖానల ఆ దినం మస్తు మందున్నరు. గుడ్డోళ్లు, చెవిటోళ్లు, చెయ్యి లేనోళ్లు, చంకల కట్టెలోళ్లు. అందరు తమ తమ ఐబులు సంచుల పెట్టుకోని, ఎక్స్‌రేల తోని, పాత కాయితాల తోని కూసున్నరు. ఎవల ఐబు ఎంత పెద్దదో చెప్పుకునే జాగ అదొక్కటే. నా పక్కనున్న ముసలాయన, "నాకు రెండు చెవులు పనిచెయ్యయి" అని మూడుసార్లు చెప్పిండు. నేను మూడుసార్లు "పాపం" అన్న. ఆయనకు వినపడలే. నా తప్పు.

మా టోకెన్ ఇంకా దూరముండె. నాయిన బెంచీ మీద కూసోని, తువ్వాల మోకాళ్ల మీద పరుచుకోని, మెల్లగ అన్నడు.

"లోపల నేను అబద్ధం చెప్ప. కష్టంగ ఉన్నది అంట. కని వేలు సంగతి మాత్రం చెప్పుడే. ఉన్నది లేదని ఎట్లంట? డాక్టరు ఏం రాసుకుంటడో రాసుకోని."

నాకు అప్పుడు ఇల్లు కండ్ల ముందు కనపడ్డది. లోపల నాయిన మళ్ల వేలు సంగతి చెప్తడు, డాక్టరు మళ్ల తాత్కాలికం అంటడు, నా మంచం జాగల డీఏపీ వస్తది.

"నాయినా, ఒక మాట."

"చెప్పు."

"నా వేలు ఎన్నడు కదలలే."

"కదిలింది రా. నా కండ్లతోని చూసిన గద."

"అది దానంతటదే కదిలింది. నేను కదిలియ్యలే. నరాలు గుంజుతయి. పూణెల డాక్టర్లు ముందే చెప్పిండ్రు."

"నువ్వే అంటివి గద."

"అన్న."

"ఎందుకన్నవు?"

నాకు జోకులు ఎప్పుడు తక్కువ పడలే. పూణెల స్ట్రెచర్ మీద కూడ ఒకటి ఏసిన. ఆ బెంచీ కాడ దేవులాడితే ఒక్కటి దొరకలే.

"నువ్వు అన్నం తింటలేకుంటివి," అన్న.

నాయిన మోకాళ్ల మీది తువ్వాల మడిచిండు. విప్పిండు. మళ్ల మడిచిండు. ఎవరో టోకెన్ నంబరు పిలిచిండ్రు, మాది గాదు.

"ఎంతమందికి చెప్పిన రా," అన్నడు. నన్ను కాదు, ఎదురుగున్న గోడను అడిగినట్టు.

కోపానికి ఒక వేలు పెడ్తడు అని నా భుజం ముందుకు పెట్టిన. ఏ వేలూ పెట్టలే.

మమ్మల్ని పిలిచిండ్రు. లోపల ముగ్గురు డాక్టర్లు. ఒకాయన సూదితోని నా కాళ్లు పొడిచి, "తెలుస్తోందా?" అనుకుంట పైకొచ్చిండు. నడుము దాటినంక తెలిసింది, చెప్పిన. సుత్తితోని మోకాళ్ల మీద కొట్టిండు. ఇంకొకాయన పాత కాయితాలు తిప్పి, "ఇదివరకు బొటనవేలు కదిలిందని చెప్పారే?" అన్నడు.

నేను నోరు తెరిచిన. నాయిన ముందుగ మాట్లాడిండు.

"అది అబద్ధం సార్. నేను చెప్పిన."

"అబ్బాయి కూడా అవునన్నట్టు రాసుంది."

"నేనే అనమన్న సార్. కొడుకును తక్కువ చేసి చెప్పబుద్ధి కాలే. వాడు చిన్నోడు, నేను చెప్పుమన్నది చెప్పిండు."

ముప్పై ఏండ్ల దలాలిల ఒక్క ఐబు దాచనోడు, ముగ్గురు డాక్టర్ల ముందల నిలబడి, నేను చేసింది తన మీద ఏసుకున్నడు. నేను కాదు సార్ అనాలె. అనలే. అంటే మళ్ల విచారణ, మళ్ల ఇంకో క్యాంపు, అప్పటికి రంజాన్ దాటుతది. ఇల్లు గుర్తుకొచ్చి నోరు మూసుకున్న. ఆ లెక్క నేను వేసుకున్నది నాకు ఇప్పటికీ నచ్చదు.

డాక్టరు రాసుకున్నడు. "శాశ్వతం అని పంపిస్తున్నాం. అంటే ఏంటో అర్థమైందా బాబూ?"

"ఇగ రెన్యువల్ ఉండదు సార్," అన్న.

పక్కనున్న డాక్టరమ్మ నవ్వింది. నాయిన నా కుర్చీ బయటికి తిప్పిండు.

తర్వాత పది పన్నెండు దినాలు నాయిన నాతోని మాట్లాడలే. కొట్లాట ఏం లేదు. "వాన్ని తిన్నడా అడుగు" అని అమ్మకు చెప్తడు. అమ్మ నన్ను అడుగుతది. నేను తిన్న అంట. అమ్మ ఆయనకు చెప్తది. రెండర్రల ఇంట్ల ఇంత పెద్ద టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఎందుకో అమ్మకు కూడ అర్థం కాలే.

సంత దినం వచ్చింది. నాయిన పొద్దుగాల పోయి, మాపటికి ఉత్త చేతులతోని వచ్చిండు. ఆయన తోటి దలాలి ఒకాయన తన ఫోను బాగు చేపిచ్చుకోనొచ్చి, కిటికీ కాడ నిలబడి చెప్పిండు.

"మీ నాయినకు ఏమైంది తమ్మీ? ఇయ్యాల ఒక్క జత మీద చెయ్యెయ్యలే. ఒక్కొక్కని దగ్గరికి పోవుడు, 'మావోని వేలు సంగతి నేను చెప్పింది నిజం గాదు, మనసుల పెట్టుకోకుండ్రి' అనుడు. మేమేమంటం? ఛాయ తాగిచ్చినం. నేను తాగిచ్చిందే ఏడోదో ఎనిమిదోదో."

"ఇంకా ఎందరున్నరు?" అన్న.

"ఎవల్లు?"

"చెప్పాల్సినోళ్లు."

ఆయన నన్ను వింతగ చూసి, ఫోను తీసుకోని పోయిండు. నేను పైసలు అడుగుడు మర్చిన.

సర్టిఫికెట్ వచ్చింది. మేడం మాట తప్పలే, ఫైలు పంపింది. మధ్యల బ్యాంకు పంపిన ఒకాయన వచ్చి ఇల్లు చూసి, గడప ఏదని అడిగిండు. లేదన్నం. గడప లేని ఇల్లు ఎట్ల కొంటున్నరు అన్నడు. చక్రాలున్న మనిషి కొంటుండు అన్న. రాసుకోని పోయిండు. లోను మంజూరైంది, అనుకున్నంత గాదు. బ్యాంకు ఇయ్యనిది అమ్మ మెడల ఉండె. అమ్మ ఆ బంగారం తీసిచ్చింది. కూలికి పోయేటప్పుడు మెడకు కొంగు గట్టిగ చుట్టుకునుడు మాత్రం అప్పటికెల్లి అలవాటైంది.

చాచీ పండుగకు నాలుగు దినాల ముందు గద్వాలకు పోయింది. ఆటో ఎక్కేముందు గోడను చెయ్యితోని నిమిరి, "నీళ్ల మోటరు జర మొండిది, రెండుసార్లు నొక్కాలె," అని చెప్పింది. ఆమె కూడ ఐబు చెప్పే పోయింది. కని రిజిస్ట్రేషన్ అయినంక.

లోను కాయితం ఇంటికి తెచ్చిన దినం నాయిన దాన్ని చేతిల పట్టుకోని చూసిండు. చదవరాదు, అయినా చూసిండు. క్యాంపు అయినంక మొదటిసారి నన్నే నేరుగ అడిగిండు.

"ఎన్నేండ్లు కట్టాలె?"

"పదిహేను."

"అప్పటిదాక నువ్వు ఈడనే ఉంటవు."

"ఇంకెక్కడికి పోత నాయినా?"

నేను నవ్వుతడని అన్న. ఆయన కాయితం మడిచి ట్రంకు పెట్టెల పెట్టిండు.

తెల్లారి నన్ను అడగకుండనే మేస్త్రిని తీసుకొచ్చిండు. ఇన్నేండ్లు బాత్రూంల గోడకు పట్టుకోనీకి ఒక ఇనుప కడ్డీ పెడ్దమని నేను అంటనే ఉన్న. పరాయోళ్ల గోడ అనేటోడు. గోడ చాచీది, చాచీ ఎన్నడో ఒప్పుకున్నది. నాయిననే ఒప్పుకోలే. రేపో మాపో లేస్తవు, నాలుగు దినాలకు కడ్డీ ఎందుకు అనేటోడు. అప్పుడు నేనూ గట్టిగ అడగలే.

మేస్త్రి లోపల నిలబడి, చెవి మీదికెల్లి పెన్సిలు తీసిండు. "ఎత్తు ఎంత పెట్టాలె? నిలబడి పట్టుకోనీకా, కూసోని పట్టుకోనీకా?"

నేను తలుపు కాడ కుర్చీల ఉన్న. మేస్త్రి నా దిక్కు చూసిండు. తర్వాత నాయిన దిక్కు. నాయిన గోడ దిక్కు చూసిండు. పెన్సిలు తను తీసుకోని, కిందికి వంగి, నా ఛాతీ ఎత్తుల గీత గీసిండు.

"కూసోని," అన్నడు.

మేస్త్రి డ్రిల్లు మిషిను పెట్టిండు. ఆ సప్పుడుల నాయిన ఇంకేదో అన్నడు. నాకు వినపడలే. ఏందని అడిగితే, దుమ్ము లేస్తది, బయటికి జరుగు అన్నడు.